మఫ్రఖ్ కూడలియు మన లాగోనును: పగడములకు సోకిన వేడి

మఫ్రఖ్ అనగా అరబ్బీ భాషలో దారులు చీలుచోటు. మన తెలుగులో కూడలి అందుము. అబూధాబీ ద్వీపమును దాటి ప్రధాన భూభాగమున అడుగిడినచోట, దుబాయి వైపు పోవు రహదారియు, పడమట సౌదీ సరిహద్దునందలి గువైఫాత్ వైపు పోవు రహదారియు ఆ సమీపముననే విడిపోవును. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగము చేయుచున్నాడు. అతనిని చూచుటకై వెళ్ళి పది దినములు ఉంటిమి. ఇసుక, లారీలు, వరుసలు తీరిన కార్మికుల వసతి గృహములు, సాయంకాలము కంపెనీ బస్సులనుండి దిగు వేలాది జనము. సముద్రము మాత్రము కానరాదు.

ఒకనాటి సాయంకాలము చిన్న టీ దుకాణమువద్ద భీమిలి ప్రాంతపు జాలరి కుటుంబమునకు చెందిన ఒక యువకుడు పరిచయమయ్యెను. మా తెలుగు విని నవ్వుకొనెను. మా మాట పాత పుస్తకమువలె నున్నదట. మేము మారిషస్‌నుండి వచ్చితిమని తెలిసి ఇట్లనెను: "బాబాయిగారూ, మీ ఊరి చుట్టూ సముద్రంలో పగడాల గోడ ఉంటుందటగదా. ఇక్కడా ఉందంటారండి. ఎనిమిదేళ్ళనుంచి ఉన్నాను, ఒక్కసారీ చూడలేదు. మా ఊళ్ళో అయితే వలేస్తే కొన్ని రోజులు జెల్లీయే వచ్చేది, చేప వచ్చేది కాదు. చేతులు బొబ్బలెక్కేవి."

ఆ మాటలే ఈ వ్యాసమునకు మూలము. మఫ్రఖ్ సముద్రమునకు దూరముగ నున్నట్లు తోచును గాని, అక్కడి పగడముల కథలో ఆ కూడలికి గొప్ప పాత్ర కలదు. ఆ కథ మన లాగోను కథకు ముందుమాటవలె నున్నది. అందుచేత మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పదలచితిమి.

మొదట మాటలు తెలిసికొందము. పగడమన్నను ప్రవాళమన్నను ఒకటే; మొదటిది ఇంటి మాట, రెండవది సంస్కృతమునుండి వచ్చినది. నవరత్నములలో ప్రాణినుండి పుట్టునవి రెండే, ముత్యమును పగడమును. అయితే కుజదోషమునకు ఉంగరములో పొదుగు ఎఱ్ఱ పగడము వేఱు. అది ముఖ్యముగ మధ్యధరా సముద్రమున చీకటి మఱుగులలో పెరుగును. మన లాగోను చుట్టును గోడకట్టునది వెలుతురు కోరు పగడము. దానితో ఏర్పడు దిబ్బలను పుస్తకములలో ప్రవాళభిత్తికలందురు. భిత్తిక యనగా గోడ. ఉంగరములకై మన రీఫును విఱుగగొట్టువాడెవడును లేడు. దానికి వచ్చిన కీడు వేఱుచోటినుండి వచ్చినది.

జెల్లీఫిష్, సీ ఎనిమోన్, పగడము ఈ మూడును ఒక కుటుంబపు బిడ్డలు. మూటికిని శరీరము ఒక సంచివంటిది. నోరు ఒకటే, దానిచుట్టును వ్రేళ్ళవంటి స్పర్శకములు. ఆ స్పర్శకములలో దంశకణములుండును. ఒక్కొక్క కణములో చుట్టచుట్టిన సన్నని దారము దాగియుండి, తాకినంతనే బాణమువలె వెడలి విషము నెక్కించును. భీమిలి యువకుని చేతులు బొబ్బలెక్కినది దానివలననే. పూర్వము ఈ గల్ఫునందు ముత్యములకై మునుగువారు జెల్లీఫిష్ కాలమున ఒడలంతయు కప్పు నూలుబట్టలు తొడుగుకొనెడివారు.

సీ ఎనిమోన్ ఱాతికి అంటుకొని పైకి విచ్చుకొనిన పువ్వువలె నుండును. దానిని బోర్లించి నీటిలో తేలవిడిచినచో జెల్లీఫిష్ అగునని పిల్లలకు చెప్పవచ్చును. పగడమనగా గోరుకన్న చిన్నదైన ఎనిమోను. తన క్రింద తానే సున్నపు ఇల్లు కట్టుకొని, వేలాది తోబుట్టువులతో కలసి కాపురముండును. ఆ ఇంటి సందులే తక్కిన ప్రాణులకు అద్దెలేని గదులు. ఆక్టోపస్, పీత, రొయ్య, చిలుకముక్కు చేప, పాముచేప అందఱును అందులోనివారే. జెల్లీఫిష్ గొడుగు క్రింద సహితము పార జాతి చేపపిల్లలు తలదాచుకొనును.

ఎనిమోను స్పర్శకముల నడుమ భయములేక తిరుగు చేపను క్లౌన్ ఫిష్ అందురు. దాని ఒంటిపైనున్న జిగురు దానిని కాపాడును. ఆ ఇంటిలో పెద్దది ఎల్లప్పుడు ఆడది. అది చచ్చినచో మగడే ఆడదిగా మాఱి ఇల్లు నిలుపును. ఈ సంగతి మా కమిటీలోని ఆడవారికి చెప్పినప్పుడు వారు మిక్కిలి సంతోషించిరి. గల్ఫునందు క్లార్క్ క్లౌన్ ఫిష్ అను జాతి కలదు. మారిషస్ నీళ్ళలో మన దీవులకే ప్రత్యేకమైన జాతి యొకటి కలదు; దానిపేరే మారిషస్ ఎనిమోన్ ఫిష్. ఎనిమోను పోయినచో అది పోవును. ఇంకొకచోట వెదకుకొనుటకు దానికి వేఱు ఇల్లు లేదు.

ఇక అసలు విషయము. పగడము ఒడలిలో కంటికి కానరాని నాచుకణములు నివసించును. ఎండను ఆహారముగ మార్చి ఇంటివానికి పెట్టునవి అవే. పగడమునకు రంగు నిచ్చునవియు అవే. నీరు మితిమీఱి వేడెక్కినప్పుడు ఈ పొత్తు చెడును. పగడము ఆ నాచును బయటికి నెట్టివేయును. అప్పుడు లోపలి తెల్లని సున్నపుటెముక కనబడును. దీనిని వెలిసిపోవుట అనవచ్చును. వెలిసినంతమాత్రమున చావు కాదు. కొన్ని వారములలో వేడి తగ్గినచో నాచు మఱల చేరును. తగ్గనిచో ఆకలితో చచ్చును.

ప్రపంచమున అనేకచోట్ల పగడములు 30, 31 డిగ్రీలు దాటగానే తల్లడిల్లును. అబూధాబీ తీరమున వేసవిలో నీరు ఏటేట 34, 35 డిగ్రీలకు చేరును, శీతకాలమున 20కి దిగువకు పడును. ఉప్పు చూతమన్నను అట్లే: తక్కిన సముద్రములలో వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళు, అక్కడ 42కు పైగా. అయినను సాదియాత్, రాస్ గనాదా, దబియ్యా, దల్మా వద్ద పగడములు బ్రతికినవి. ఆ సముద్రము నేటి అంచులకు చేరి సుమారు 6,000 ఏండ్లే అయినది. ఇంత స్వల్పకాలములో అవి ఆ వేడికి అలవాటు పడుట అద్భుతము. వాని ఒడలిలోని నాచు కూడ ప్రత్యేక జాతి. 2015లో శాస్త్రజ్ఞులు దానికి వేడిని ప్రేమించునది అను అర్థము వచ్చు పేరు పెట్టిరి.

కొందఱు దీనినిబట్టి ఉత్సాహపడి, గల్ఫు పగడములను తెచ్చి తక్కిన సముద్రములలో నాటినచో చాలును, వేడి భయము తీరునని వ్రాయుచున్నారు. మేము ఈ మాటను నమ్మము. ఆ నాచు ఉప్పు ఎక్కువైన నీటికి అలవాటు పడినది. ఉప్పు తగ్గిన నీటిలో దాని వేడిసహనమును తగ్గునని పరీక్షలలో తేలినది. కూలికై దేశాంతరము పోయినవారి సంతతిమి మనము. నాటినచోటనెల్ల మొక్క బ్రతుకదని మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

పైగా ఆ ధీరులకును హద్దు కలదు. 1996లో, 1998లో, 2010లో అక్కడి పగడములు దెబ్బతినెను. 2017 వేసవి అన్నిటికన్న ఘోరము. నీటి అడుగున పగటి వేడి సగటున 36 డిగ్రీలకు చేరువై, ఒక్కొక్క గంటలో 37 దాటెను. పదింట తొమ్మిదికి పైగా పగడములు వెలిసిపోయెను. మఱుసటి యేటికి మూడింట రెండు వంతులకు పైగా చచ్చెను.

కారణము చదివినప్పుడు మేము ఆశ్చర్యపడితిమి. ఆ యేడు ఎండ ఎక్కువ కాయుట ఒక్కటే కాదు; గాలి వీచలేదు. ఆ దేశమున వాయవ్యమునుండి వచ్చు గాలిని శమాల్ అందురు. మట్టికుండలోని నీరు చెమర్చి చల్లబడునట్లే, శమాల్ వీచినప్పుడు సముద్రపు పైనీరు ఆవిరియై క్రిందినీరు చల్లబడును. 2017లో ఆ గాలి మందగించెను. కుండ చెమర్చలేదు, నీరు ఉడికెను.

మన పెద్దలకు 1998 గుర్తుండియుండును. ఆ యేడు హిందూ మహాసముద్రమంతయు వేడెక్కి మాల్దీవులలో, సీషెల్స్‌లో పగడములు కుప్పకూలినవి. మారిషస్ మాత్రము చాలవఱకు తప్పించుకొనెను. ఆ ఫిబ్రవరిలో వచ్చిన అనసెల్ తుఫాను మబ్బును వానను తెచ్చి నీటిని చల్లార్చుటయే అందులకు కారణమని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. ఆ తుఫానుకు మేము ఇంటి రేకులు పోయినవని ఏడ్చితిమి. మన లాగోను అప్పుడు బ్రతికిపోయినదని ఎవరికి తెలియును? మన పూర్వులు ఓడ లెక్కిన కోరంగి రేవు 1839 నాటి తుఫానులో నాశనమైనది. గాలియనిన మన ఇండ్లలో భయమే. ఆ గాలియే పగడములకు వైద్యుడను మాట మాకు కొత్త.

అయితే గాలిని నమ్ముకొని ఎన్నాళ్ళు? ప్రపంచవ్యాప్తముగ పగడములు నాల్గవసారి వెలిసిపోవుచున్నవని 2024 ఏప్రిల్‌లో ప్రకటించిరి. 2023 జనవరినుండి 2025 మార్చి వఱకు లెక్కించగా, ప్రపంచమందలి 84 శాతము ప్రవాళభిత్తికలకు అంతటి వేడి సోకినది; 82 దేశములలో ఆ కీడు కనబడినది. ఒక్క తుఫాను ఒక్క దీవిని ఒక్కయేడు కాచును. అంతే.

ఇప్పుడు మఫ్రఖ్‌కు మఱలుదము. వేడి పైనుండి వచ్చుచుండగా, క్రిందినుండి వచ్చు కీడు మఱియొకటి కలదు; అది మురుగు. అబూధాబీ నగరపు మురుగునీటిని శుద్ధిచేయు పాత కేంద్రము 1982లో మఫ్రఖ్‌లోనే వెలసినది. నగరము పెరిగినకొలది ఆ కేంద్రమునకు తలకు మించిన భారమయ్యెను. చెట్లకు పోయగా మిగిలిన నీరు ముసఫ్ఫా వైపు కాలువలలో పడెడిది. శుద్ధిచేసినను ఆ నీటిలో ఎరువుసత్తువ మిగులును. చేనిలోనైన అది మేలు, సముద్రమున కీడు. నాచు బలియును, నీరు మసకబారును, పగడమునకు ఎండ అందదు. ఆ భారము తగ్గించుటకై 41 కిలోమీటర్ల సొరంగము త్రవ్వి, మురుగును భూమి వాలునే ఆధారముగ అల్ వత్బా వైపునకు మళ్ళించిరి. ఈ సంగతి చెప్పగా మన భీమిలి యువకుడు, "మా రూములో ఒకాయన ఆ సొరంగం పనిలోనే ఉన్నాడు బాబాయిగారూ. ఆయనకీ చెప్పాలి, పగడానికి సేవ చేశాడని" అనెను. ఆ మాట హాస్యమునకు అనెనో నిజముగ అనెనో మాకు తెలియలేదు.

త్రాగునీటి సంగతి ఇంకను చిక్కైనది. ఆ దేశమున నదులు లేవు. ఇంటింటికి వచ్చు నీటిలో అధికభాగము సముద్రపునీటిని మంచినీరుగ మార్చగా వచ్చినదే. రాస్ గనాదా పగడములకు దగ్గఱనున్న తవీలాలోని కేంద్రము ప్రపంచములోని అతిపెద్దవానిలో ఒకటి. అట్టి కేంద్రములు మిగిలిన ఉప్పునీటిని మఱల సముద్రమునకే విడుచును. సముద్రము తిరుగబడినప్పుడు వానికిని గొంతు పట్టును. 2008, 2009లలో ఎఱ్ఱనాచు వ్యాపించినప్పుడు ఆ తీరమున కొన్ని కేంద్రములను ఆపవలసివచ్చెను. ఫుజైరా వైపు పగడములును చచ్చెను. జెల్లీఫిష్ గుంపులును ఇట్లే చేయగలవు. 2025 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు గ్రావలీన్ అణువిద్యుత్ కేంద్రమున నీరు తోడుచోట జెల్లీఫిష్ నిండి నాలుగు రియాక్టర్లు ఆగిపోయెను. ఎముకలేని, మెదడులేని ప్రాణి అంతటి యంత్రమును ఆపినది. చేపలు తఱిగి, నీరు వేడెక్కి, ఎరువు పాఱినచోట జెల్లీఫిష్‌కు పోటీ తక్కువ. భీమిలిలో వలలు నిండినది అందుకేనా యని అడిగినచో ఒక్క మాటలో చెప్పజాలము. ఆ గుంపులు ఒకయేడు వచ్చి ఒకయేడు మానును.

అబూధాబీ ప్రభుత్వము ఊరకయున్నదనుట అన్యాయము. 2012లో ప్రారంభమైన ఖలీఫా రేవును రాస్ గనాదా పగడములకు హాని కలుగకుండ తీరమునకు కొన్ని కిలోమీటర్ల దూరమున సముద్రములో నిర్మించి, పగడములను కాచుటకు ప్రత్యేకముగ ఒక అడ్డుకట్టయు కట్టిరి. 2021లో అక్కడి పర్యావరణ సంస్థ పది లక్షలకు పైగా పగడపు మొక్కలను పెంచి నాటు పథకమును ఆరంభించినది. బ్రతికిన పగడమునుండి చిన్న ముక్కలు తీసి, నీటిలోనే నారుమడివంటి చట్రములపై పెంచి, పిదప దిబ్బపై నాటుదురు. మన మారిషస్ ఓషనోగ్రఫీ ఇన్‌స్టిట్యూట్ వారును ఇట్టి పని చేయుచున్నారు. మేము దీనిని మెచ్చుకొందుము, కాని ఒక మాట అనక తప్పదు. నారు పోయుట తేలిక, నీరు చల్లార్చుట కష్టము. ఫొటోలు మొదటిదానికే పడును. చమురు అమ్మిన ధనముతో పగడము నాటుచు, ఆ చమురు పొగవలననే సముద్రము వేడెక్కుచుండగా, ఏ చేయి గెలుచునో పది యేండ్లలో తెలియును. ఆ చమురుదేశపు జీతముతోనే మా మేనల్లుడు ఇల్లు కట్టుకొనెను. కనుక ఎదుటివారిపై వ్రేలు చూపుటకు మాకు నోరు రాదు.

మన ఇంటి లెక్క కూడ చూడవలెను గదా. అబూధాబీలోని ఖస్ర్ అల్ హొస్న్ కోట గోడలలో పగడపు ఱాళ్ళున్నవి. ఆ గోడలను చూచినప్పుడు మన దీవియందలి సున్నపు బట్టీలు జ్ఞప్తికి వచ్చెను. మన తాతల కాలమున లాగోనునుండి పగడము తెచ్చి బట్టీలలో కాల్చి సున్నము చేసెడివారు. మా కోవెల పాత ప్రహరీ అట్టి గానుగసున్నముతో కట్టినదే. లాగోను ఇసుక తీయుట 2001లో నిషేధింపబడువఱకు సాగినది. అటుపై చెరకు. మన పూర్వులు ఱాళ్ళు ఏఱి చదును చేసిన ఆ చేలకు వేయు ఎరువు వానతో జాఱి ఏరులలో, ఏరులనుండి లాగోనులో పడుచున్నది. మఫ్రఖ్ మురుగు చేసిన పనినే ఇదియు చేయును.

చెరకు చేసిన మేలు ఒకటి కలదు. 2020 జూలై 25న వకాషియో అను ఓడ పోయింట్ దెస్నీ వద్ద రీఫుపైకెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె కక్కినప్పుడు, ఊళ్ళకు ఊళ్ళు కదలివచ్చి ఎండిన చెరకు ఆకును గుడ్డసంచులలో కుక్కి, పొడవాటి తెట్టెలుగ కుట్టి, నూనెకు అడ్డము వేసిరి. మేమును ఆ పనిలో మూడు దినములు ఉంటిమి. ఆ వాసన నేటికిని మఱువలేము. ఎవరును పిలువక ముందే మన పిల్లలు వచ్చిరి. అందులో తెలుగు ఒక్క ముక్క రానివారే ఎక్కువ.

అందుచేతనే మా కమిటీలో ఇప్పుడు నడచుచున్న వివాదమును దాచక చెప్పుచున్నాము. వినాయక చవితికి ప్రతిమను లాగోనులో నిమజ్జనము చేయుట మా ఊరి అలవాటు. కొన్ని యేండ్లుగా ప్రతిమలు ప్లాస్టర్‌తో, మెఱయు రంగులతో వచ్చుచున్నవి. పూలతోపాటు ప్లాస్టిక్ దండలును నీటిలోనికి పోవుచున్నవి. రంగులేని మట్టి ప్రతిమయే ఉండవలెననియు, పూలు పత్రి తప్ప ఏదియు నీటిలో వేయరాదనియు మేము ప్రతిపాదించితిమి. ఒక పెద్దాయన లేచి, "ఆచారాన్ని మార్చడానికి మనమెవరం?" అని కోపగించెను. మట్టి ప్రతిమయే పాత ఆచారము, ప్లాస్టర్ నిన్నమొన్నటిదని మేమంటిమి. ఆయన ఊరుకొనలేదు: "మన ఒక్క బొమ్మవల్ల సముద్రం చచ్చిపోతుందా? హోటళ్ళ మురుగు సంగతో? చెరకు కంపెనీల సంగతో?"

ఆయన ప్రశ్న సరియైనదే. ఒక బొమ్మ వలన పగడము చావదు. వేడి మొదటి శత్రువు, ఎరువును మురుగును రెండవది, ఇష్టము వచ్చినట్లు రీఫుపై నడచుటయు లంగరు వేయుటయు మూడవది. మన ప్రతిమ ఆ వరుసలో చాల దిగువన నుండును. ఇది మేము సభలోనే ఒప్పుకొంటిమి. కాని మొదటి రెంటిపై మాట్లాడుటకు జిల్లా కౌన్సిలుకు పోయినప్పుడు, మీ గుడివారు నీటిలో ఏమి వేయుచున్నారని వారు అడుగుదురు. ఒకసారి అడిగిరి కూడ. మాకు జవాబు లేకపోయెను.

తమను తాము ఆపుకొనుటవలన ఫలితము కలుగునని రొడ్రిగ్ దీవివారు చూపిరి. 2012నుండి ఏటేట కొన్ని వారములు ఆక్టోపస్ వేట మానుకొనుచున్నారు. ఆ వారములు పూర్తియై వేట తెఱచిన దినమున పట్టు ఆక్టోపస్‌లు ముందటికన్న పెద్దవి. అయితే అక్కడ వేట మానిన దినములకు వేఱు పని చూపి కూలి ఇచ్చిరి. పేదవానిని ఊరక మానుమనుట న్యాయము కాదు. మన తీరపు జాలరులకు ఇట్టి ఏర్పాటు అడుగుటలో మన సభలు ముందుండవచ్చును. మాకు తెలిసినంతలో ఏ సభయు ఇంకను అడుగలేదు.

ప్రతిమ విషయమై వచ్చే నెల రెండవ ఆదివారము కమిటీ మఱల కూడును. ఆ పెద్దాయన వచ్చుదునని కబురంపెను. మట్టి ఎక్కడినుండి తెత్తురో ముందు చెప్పుడని కూడ అడిగెను. మొన్న రాత్రి భీమిలి యువకుడు ఫోనుకు ఒక బొమ్మ పంపెను. శుక్రవారపు సెలవునాడు మిత్రులతో అబూధాబీ తీరపు మడచెట్ల నడుమ ఉప్పుటేటికి పోయెనట. లోతులేని నీటిలో, బురదపై వెల్లకిలా పడుకొని, స్పర్శకములను ఎండకు చాచిన జెల్లీఫిష్‌లు. అవియును పగడమువలె ఒడలిలో నాచును పెంచుకొను జాతియే. క్రింద ఇట్లు వ్రాసెను: "పగడం ఇంకా కనబడలేదు బాబాయిగారూ. దాని చుట్టం కనబడింది."